చూపించడం వేరు, ఇచ్చేయడం వేరు: ఫోను, ఆధార్, సొంత వివరాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలోనూ, పాలమూరు వైపు జడ్చర్ల, దేవరకద్ర ఊళ్లలోనూ సెల్ ఫోను వాడకంపై పెద్దలకు తరగతులు చెబుతుంటాను. పాఠం అయిపోయి అందరూ లేచాక, ఒక్కొక్కరు పక్కకు వచ్చి మెల్లగా అడిగిన ప్రశ్నలివి. అందరి ముందు అడగడానికి మొహమాటపడినవే ఎక్కువ పనికివచ్చే ప్రశ్నలని నా అనుభవం. చదివేవారి సౌకర్యం కోసం ఒకేచోట రాసి పెడుతున్నాను.

నేనే తప్పూ చేయలేదు. నాకు దాచుకోవలసినది ఏముంటుంది?

ధాన్యం డబ్బు ఖాతాలో ఎప్పుడు పడిందో, కూతురికి సంబంధం ఎక్కడ మాట్లాడుతున్నారో, ఇంట్లో ఎవరు ఏ మందు వాడుతున్నారో, ఇవేవీ తప్పులు కావు. అయినా వాటిని చౌరస్తాలో నిలబడి చెప్పుకోము. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. మోసగాడు ఫోను చేసినప్పుడు చెప్పేదంతా అబద్ధమే అయితే ఎవరూ నమ్మరు. మీ పేరు, మీ ఊరు, మీకున్న ఎకరాలు, మీ బ్యాంకు శాఖ సరిగ్గా చెప్పి, ఆ తరువాత ఒక్క అబద్ధం చేర్చుతాడు కాబట్టే నమ్ముతారు. ఆ నాలుగు నిజాలు అతనికి ఎక్కడి నుంచి అందాయన్నదే అసలు ప్రశ్న. చాలాసార్లు అవి మన చేతుల మీదుగానే, మనం మరిచిపోయిన ఏదో ఒక కౌంటరు దగ్గర జారిపోయి ఉంటాయి.

ఆధార్ జిరాక్స్ అడిగిన ప్రతి చోటా ఇవ్వవలసిందేనా?

అక్కర్లేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైన నాటి నుంచి మన ఆడవాళ్లు బస్సులో రోజూ చేస్తున్న పనిని ఒకసారి గమనించండి. దేవరకొండ బస్సెక్కిన మహిళ కార్డు చూపిస్తుంది, కండక్టరు దానిలోని చిరునామా చూసి జీరో టికెట్ కొట్టి ఇస్తాడు, కార్డు మళ్లీ ఆమె పర్సులోకి వెళ్లిపోతుంది. ఆమె తెలంగాణ నివాసి అని తేలడానికి అంతకు మించి ఏమీ అవసరం లేదు, ఆమె దిగిపోయాక కార్డు నకలేదీ ఆ బస్సులో మిగలదు. లాడ్జిలోనో, అద్దె ఇంటి యజమాని దగ్గరో, కొత్తగా చేరిన ఉద్యోగంలోనో మాత్రం అదే కార్డుకు జిరాక్స్ తీసి, ఏ సొరుగులోకి పోతుందో అడగకుండా ఇచ్చి వస్తాము. చూపించడానికీ ఇచ్చేయడానికీ ఉన్న ఈ తేడా పట్టుబడితే ఈ పేజీలో సగం చదివినట్టే.

చట్టపరంగా చూస్తే, 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రభుత్వ సంక్షేమ పథకాలకూ, పాన్ కార్డుతో అనుసంధానానికీ ఆధార్‌ను సమర్థించింది. సిమ్ కార్డుకు, బ్యాంకు ఖాతాకు, బడిలో చేరికకు దానిని తప్పనిసరి చేయడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. తరువాత 2019లో చట్టాన్ని సవరించి, మనంతట మనం ఇష్టపడి ఇస్తే బ్యాంకులు, టెలికాం సంస్థలు తీసుకోవచ్చని చేర్చారు. కాబట్టి సిమ్ కొనేటప్పుడు ఓటరు కార్డో, డ్రైవింగ్ లైసెన్సో చూపించే దారి మీకు ఉంది. అమ్మేవాడికి ఆధార్ వేలిముద్రతో రెండు నిమిషాల్లో పని అయిపోతుంది, మిగతా పత్రాలకు శ్రమ ఎక్కువ కాబట్టి కుదరదంటాడు. ఆ మాట అతని సౌకర్యం కొద్దీ చెప్పేదే తప్ప నిబంధన కాదు.

నకలు ఇవ్వక తప్పనప్పుడు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో కార్డును డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ ఎంపిక కనిపిస్తుంది. 12 అంకెలలో మొదటి 8 దాచి, చివరి 4 మాత్రమే చూపిస్తుంది. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం కార్డు నకళ్లు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని, మాస్క్‌డ్ కార్డు వాడమని ప్రకటన ఇచ్చింది. దేశమంతటా గగ్గోలు రేగడంతో, ప్రజలు అపార్థం చేసుకునే అవకాశం ఉందంటూ రెండు రోజుల్లోనే కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నది. ప్రకటన పోయినా మాస్క్‌డ్ కార్డు పోలేదు. జిరాక్స్ మీద అడ్డంగా 'ఫలానా పనికి మాత్రమే' అని, తేదీ వేసి, ఆ రాత ఫోటో అంచు మీదుగా వచ్చేటట్లు సంతకం చేయడం కూడా మంచి అలవాటు. అలా చేయమని చట్టం అడగదు. కానీ అదే కాగితాన్ని మరో పనికి వాడాలనుకునేవాడికి అది అడ్డం వస్తుంది.

జిరాక్స్ సెంటరుకు వాట్సాప్‌లో పత్రాలు పంపిస్తే ఏమవుతుంది?

ఇది అందరూ చేసే పని, ఎవరూ అడగని ప్రశ్న. నన్ను దీని గురించి ఒకే ఒక్కరు అడిగారు, ఆమె బ్యాంకులో అటెండరు.

మా పట్టణంలో ఒక జిరాక్స్ సెంటరులో నా వంతు కోసం నిలబడి ఉండగా, కౌంటరు మీది కంప్యూటరు తెర నా వైపు తిరిగి ఉంది. వాట్సాప్ తెరిచే ఉంది. కుర్రవాడు పైకి జరుపుతుంటే వరుసగా పాస్‌బుక్ మొదటి పేజీ, ఎవరిదో కులధృవీకరణ పత్రం, ఒక స్కానింగ్ రిపోర్టు, ఒక ఆడపిల్ల పదో తరగతి మెమో, రెండు మూడు ఆధార్ కార్డులు దొర్లుతూ పోయాయి. పంపిన వాళ్లంతా ప్రింట్ తీసుకొని, పది రూపాయలిచ్చి, పని అయిపోయిందనుకొని వెళ్లిపోయిన వారే. కుర్రవాడికి దురుద్దేశం ఏమీ లేదు, తుడిచే తీరిక కూడా లేదు. ఆ కంప్యూటరుకు పాస్‌వర్డ్ లేదు, దాని ముందు కూర్చునే మనిషి ఆరు నెలలకోసారి మారతాడు. సరిగా రాక పక్కన పడేసిన ప్రింట్ల కట్ట ఏ బజ్జీల బండికి పోతుందో అందరికీ తెలిసిందే. మిర్చి బజ్జీ తిని పొట్లం విప్పి చూస్తే, నూనె మరకల మధ్య ఒకరి ఖాతా నంబరు, సంతకం స్పష్టంగా కనిపించిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

అందుచేత మీ ముందున్న దారులు ఇవి. అసలు పత్రం చేతిలో ఉంటే దానితోనే జిరాక్స్ తీయించుకోండి, వాట్సాప్ అక్కర్లేదు. పంపక తప్పకపోతే, ఆ నంబరుతో సంభాషణలో మాయమయ్యే సందేశాల సదుపాయాన్ని 24 గంటలకు పెట్టి పంపండి. ప్రింట్ చేతికి రాగానే 'అందరికీ తొలగించు' నొక్కండి. దుకాణంవారు అప్పటికే కంప్యూటరులోకి దించుకొని ఉంటే ఇవి రెండూ పనిచేయవు కాబట్టి, 'డౌన్‌లోడ్స్‌లో ఉన్నది కూడా తీసేయి తమ్ముడూ' అని నోరు తెరిచి అడగాలి. అడిగితే తీసేస్తారు. ఇంతవరకు నాకు ఎవరూ కాదనలేదు. చెడిన ప్రింట్లు కూడా అడిగి తెచ్చుకోండి, వాటికి డబ్బు ఇచ్చేది మీరే.

ఇంకొక జాగ్రత్త. మీ వాట్సాప్‌ను దుకాణం కంప్యూటరులో తెరిచి ప్రింట్ తీసుకుంటే, ఫోనులో 'లింక్డ్ డివైజెస్' అన్నచోట ఆ కంప్యూటరు పేరు నొక్కి లాగవుట్ చేసి గానీ బయటకు రావద్దు. లేకపోతే మీ సంభాషణలు వారి తెర మీద కొనసాగుతూనే ఉంటాయి.

నా వేలిముద్రతో నాకు తెలియకుండా డబ్బు తీయగలరా?

తీయగలరు, తీశారు కూడా. ఊళ్లలో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్రల దగ్గర ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర చాలు, డబ్బు చేతికి వస్తుంది. పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. చదువు రానివారికి ఇది నిజంగా మేలు చేసిన ఏర్పాటు. చిక్కేమిటంటే, పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాము, వేలు మార్చుకోలేము. 2018లో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన ఒక కేసులో, సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల మీది వేలిముద్రలను దించుకొని, వాటితో రబ్బరు ముద్రలు తయారుచేసి, తన అమ్మకాల లక్ష్యం పూర్తి చేయడానికి ఎవరెవరి పేర్లతోనో సిమ్‌లను యాక్టివేట్ చేశాడు. దస్తావేజు మీద వేలు వేసిన రైతుకు ఆ వేలు ఇంకెక్కడో పనిచేస్తున్నదని తెలిసే అవకాశమే లేదు.

దీనికి మందు బయోమెట్రిక్ లాక్. ఎం-ఆధార్ యాప్‌లోనో ఆధార్ సంస్థ వెబ్‌సైటులోనో దానిని పెట్టుకుంటే మీ వేలిముద్ర, కనుపాప, ముఖం, మూడింటిలో ఏదీ ఏ యంత్రం మీదా చెల్లదు. అవసరమైనప్పుడు కొద్ది నిమిషాలు తెరిచి, పని చేసుకోవచ్చు. కానీ నేను ఇది అందరికీ చెప్పను. పింఛనుకో, రేషనుకో, ఉపాధి హామీ కూలికో నెలనెలా వేలు పెట్టే ముసలివారి కార్డుకు లాక్ పెట్టి మనవడు హైదరాబాదు వెళ్లిపోతే, ఆ అవ్వ పోస్టాఫీసు ముందు పొద్దంతా కూర్చొని ఉత్త చేతులతో తిరిగిరావలసి వస్తుంది. ఇంట్లో రోజూ స్మార్ట్‌ఫోను పట్టుకునేవారు ఉంటేనే లాక్ పెట్టండి.

లాక్ పెట్టని వారికి కూడా కొంత రక్షణ ఉంది. పత్తి ఏరి, నాట్లు వేసి గీతలు అరిగిపోయిన వేళ్లు యంత్రం మీద నిజంగానే ఒక పట్టాన పడవు. ఆ సాకుతోనే కొందరు 'పడలేదు, మళ్లీ పెట్టు' అని రెండోసారి, మూడోసారి పెట్టించుకుంటారు. మొదటిసారి విఫలమైతే ఆ చీటీ అడగండి. చీటీ రాకుండా రెండోసారి వేలు పెట్టవద్దు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో గడచిన 6 నెలల్లో మీ ఆధార్‌ను ఎప్పుడెప్పుడు ధృవీకరించారో చూసుకునే వీలు ఉంది. ఏడాదికి రెండుసార్లు చూసుకుంటే చాలు.

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దంటారు, రేషన్ షాపులో వాళ్లే అడుగుతారు. ఏది నిజం?

రెండూ నిజమే. మన రాష్ట్రంలో 2021 ఫిబ్రవరి నుంచి, కరోనా కాలంలో వేలిముద్రకు బదులు ఓటీపీతో రేషన్ ఇవ్వడం మొదలైంది. అక్కడ మీరు డీలరు ఎదురుగా ఉన్నారు, మీరడిగిన సరుకు కోసం ఆ నంబరు వచ్చింది. ఓటీపీ చెప్పాలా వద్దా అన్నది అడిగిన మనిషిని బట్టి తేలదు. ఆ సందేశంలో అంకెలకు ముందూ వెనుకా రాసి ఉన్న మాటలను బట్టి తేలుతుంది. ఎంత మొత్తం, ఏ సంస్థ, ఏ పని అని అందులోనే ఉంటుంది. ఆ పని మీరు మొదలుపెట్టినదేనా, మనిషి ఎదురుగా ఉన్నాడా, ఈ రెండూ చూసుకోండి. ఫోనులో అడిగితే ఎవరైనా సరే చెప్పవద్దు.

ఫోన్‌పే, గూగుల్ పే వంటి యూపీఐ యాప్‌లలో డబ్బు రావడానికి పిన్ కొట్టనవసరం లేదు. డబ్బు పంపుతామని చెప్పి ఎవరైనా పిన్ కొట్టమన్నారంటే, డబ్బు మీ ఖాతా నుంచి పోతున్నదని అర్థం. పాత మంచం అమ్మకానికి పెట్టినా, బత్తాయిల బయానా అయినా ఇదే లెక్క.

ఇంట్లో బోరు మోటారు గురించి మాట్లాడుకున్నాము, సాయంత్రానికి ఫోనులో మోటార్ల ప్రకటనలు వచ్చాయి. ఫోను మన మాటలు వింటున్నదా?

ఈ అనుమానం నాకూ చాలా కాలం ఉండేది. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చెప్పకుండా మైకు తెరిచి మాటలు పంపుతున్న యాప్ ఒక్కటీ వారికి దొరకలేదు. అయితే కొన్ని యాప్‌లు మనం తెర మీద ఏమి చేస్తున్నామో చిత్రించి బయటికి పంపుతున్నట్లు మాత్రం పట్టుకున్నారు. మోటారు ప్రకటన రావడానికి వినవలసిన పనే లేదు. బోరు ఎండిందని మీ తమ్ముడు మధ్యాహ్నం గూగుల్‌లో మోటారు ధరలు వెతికి ఉంటాడు. ఇద్దరి ఫోన్లూ ఒకే వైఫై మీద, ఒకే ఇంట్లో ఉన్నాయి. మీరు మోటార్ల దుకాణం ముందు అరగంట నిలబడిన సంగతి లొకేషన్ చెబుతుంది. వేసవిలో మీ మండలంలో ఎంతమంది అదే వెతికారో వారికి తెలుసు. వినకుండానే ఇంత తెలియడం, వినడం కంటే ఎక్కువ ఆలోచించవలసిన విషయమని నా అభిప్రాయం.

ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోనులో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఏదైనా యాప్ మైకు గానీ కెమెరా గానీ వాడుతున్నంతసేపు తెర పైమూల చిన్న రంగు చుక్క వెలుగుతుంది. మీరేమీ చేయకుండానే ఆ చుక్క కనిపిస్తే, కిందికి లాగి ఏ యాప్ వాడుతున్నదో చూడండి. గూగుల్ ఖాతాలో 'మై యాక్టివిటీ' తెరిచి, వెతికిన చరిత్ర తనంతట తానే తుడిచిపోయేటట్లు 3 నెలలకు గడువు పెట్టుకోవచ్చు.

యాప్ అడిగిన అనుమతులన్నీ ఇవ్వకపోతే పనిచేయదు కదా?

చాలావరకు పనిచేస్తుంది. టార్చిలైటు యాప్‌కు మీ చుట్టాల నంబర్లు ఎందుకు? క్యాలెండరు యాప్‌కు మైకు ఎందుకు? లొకేషన్ అడిగితే 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్న ఎంపిక ఆండ్రాయిడ్ 10 నుంచి ఉంది, ఆ తరువాతి వెర్షనులో 'ఈ ఒక్కసారికే' అన్నదీ వచ్చింది.

అప్పుల యాప్‌ల సంగతి వేరుగా చెప్పాలి. 2020 చివర మన రాష్ట్రంలో ఆ యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నాకే దేశమంతా ఈ విషయాన్ని పట్టించుకున్నది. మూడు వేలు అప్పిచ్చి, ఫోనులోని నంబర్లన్నీ దించుకొని, వియ్యంకుడికీ, బడి పంతులుకూ కూడా ఫోను చేసి పరువు తీయడమే వారి వసూలు పద్ధతి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులను, కాల్ వివరాలను, ఫోటోలను, ఫైళ్లను ముట్టుకోకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ మాత్రం ఖాతా తెరిచే సమయంలో ఒక్కసారి, మీ ఒప్పుదలతో వాడుకోవచ్చు. కాబట్టి పరీక్ష చాలా సులువు: అప్పు యాప్ మీ కాంటాక్టులు అడిగిందంటే అది నిబంధనలకు లోబడినది కాదు. అక్కడే తీసేయండి.

పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా అంటూ వాట్సాప్‌లో ఫైల్ వచ్చింది. తెరవవచ్చా?

ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉంటే తెరవవద్దు. పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఏపీకే అంటే అది ఒక యాప్. దానిని ఎక్కించుకుంటే మీకు వచ్చే మెసేజ్‌లన్నీ, ఓటీపీలతో సహా, ఇంకొకరికి చేరుతాయి. పంపింది మీ బావమరిదే కావచ్చు. అతని ఫోనులోకి ఆ యాప్ అప్పటికే చేరి ఉంటుంది. పొరపాటున ఎక్కించుకుంటే ముందు డేటా, వైఫై ఆపి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి, ఆ తరువాత యాప్ తీసేయించండి.

వాట్సాప్ భద్రమేనా?

మాటలు భద్రం. 2016 నుంచి పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో వాట్సాప్ కూడా చదవలేని పద్ధతి ఉంది. మీరు ఎవరితో, ఎప్పుడు, ఎన్నిసార్లు మాట్లాడారన్నది మాత్రం వారికి తెలుస్తుంది. సంభాషణల బ్యాకప్‌కు ఆ తాళం మీరు విడిగా వేసుకోవాలి. సెట్టింగ్స్‌లో రెండంచెల ధృవీకరణ అన్నచోట ఆరంకెల పిన్ పెట్టుకోండి. అది ఉంటే ఓటీపీ జారిపోయినా మీ ఖాతాను ఎవరూ సులువుగా ఎత్తుకుపోలేరు. మిమ్మల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో, మీ ఫోటో ఎవరికి కనిపించాలో కూడా అక్కడే మార్చుకోవచ్చు.

పోలీసులమంటూ వీడియో కాల్ చేసి 'డిజిటల్ అరెస్టు' అన్నారు. అలాంటిది ఉందా?

లేదు. మన చట్టంలో ఎక్కడా లేదు. కాల్ కట్ చేయండి.

పాత ఫోను అమ్మేటప్పుడు ఏం చేయాలి?

ఫోటోలు ఒక్కొక్కటే తొలగించడం చాలదు. సిమ్, మెమరీ కార్డు తీయండి, సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతాను తొలగించండి, ఆ తరువాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఈ వరుస ముఖ్యం. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే కొన్నవారికి ఫోను తెరుచుకోకపోవచ్చు, మీ పాస్‌వర్డ్ అడుగుతూ మీ ఇంటికే వస్తారు. రిపేరుకు ఇచ్చేటప్పుడు మాత్రం రీసెట్ అక్కర్లేకపోవచ్చు. తెర మార్చడానికి తెర తాళం చెప్పనవసరం లేదని గుర్తుంచుకోండి. వీలైతే ఎదురుగా కూర్చొని చేయించుకోండి.

ఊళ్లలోకి సైకిల్ మోటారు మీద వచ్చి, పాడైన ఫోనుకు ప్లాస్టిక్ బకెట్టో టబ్బో ఇచ్చిపోయేవారి సంగతి కూడా చెప్పాలి. 2024లో రామగుండం ప్రాంతంలో పోలీసులు పట్టుకున్న ఒక ముఠా దగ్గర ఇలా సేకరించిన ఫోన్లు దాదాపు 4,000 దొరికాయి. వాటిని సైబర్ నేరగాళ్లకు చేరవేయడమే వారి పని. పగిలిన ఫోనులో కూడా, మీ సిమ్‌తో నడిచిన ఆ ఫోను గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఈఐ నంబరు, బతికే ఉంటుంది. బకెట్ కొనుక్కోండి, ఫోను ఇవ్వకండి.

ఫోను పోతే ఎలా?

పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకొని, కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులో ఐఎంఈఐ నంబరుతో ఫోనును బ్లాక్ చేయించండి. ఆ నంబరు ముందే తెలిసి ఉండాలి కాబట్టి, ఈ వాక్యం చదవగానే *#06# కొట్టి, కనిపించిన 15 అంకెలను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో కూడా అదే వెబ్‌సైటులో కనిపిస్తుంది. మన రాష్ట్రంలో ఒకరి పేరుతో 9 వరకు ఉండవచ్చు. మీవి కానివి ఉంటే 'ఇది నాది కాదు' అని అక్కడే నొక్కవచ్చు. మా తరగతిలో ఒకాయన పేరు మీద ఆరు కనిపించాయి, ఆయన వాడేది ఒక్కటే.

బట్టల దుకాణంలో బిల్లు వేయడానికి ఫోను నంబరు అడుగుతారు. ఇవ్వకపోతే బిల్లు ఇవ్వరా?

ఇవ్వాలి. నంబరు కోసం కొనుగోలుదారుని బలవంతపెట్టవద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు స్పష్టంగా చెప్పింది. 'నంబరు లేదు, బిల్లు వేయండి' అంటే చాలు. పెద్ద స్వరం చేయనవసరం లేదు. పోనీలే అని ఇచ్చిన ఆ ఒక్క నంబరే మీ యూపీఐకి, వాట్సాప్‌కు, బ్యాంకుకు కూడా తాళంచెవి. అనవసరపు వ్యాపార కాల్స్ ఆపుకోవడానికి 1909కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇంటికి స్మార్ట్ టీవీ, దుకాణానికి సీసీ కెమెరా పెట్టించాము. ఏమైనా చూసుకోవాలా?

తెర మీద ఏమి నడుస్తున్నదో గుర్తుపట్టి కంపెనీకి పంపే సదుపాయం చాలా స్మార్ట్ టీవీల్లో ఉంటుంది. చెప్పకుండా అలా చేసినందుకు 2017లో విజియో అనే కంపెనీ అమెరికాలో 22 లక్షల డాలర్లు కట్టింది. టీవీ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అన్నచోట దానిని ఆపేయవచ్చు. టీవీ బొమ్మకు ఏ లోటూ రాదు.

కెమెరా సంగతి ఇంకా బరువైనది. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల నుంచి స్త్రీల పరీక్షల దృశ్యాలు బయటికి పొక్కి అమ్మకానికి వెళ్లాయి. కెమెరా బిగించినవాడు పెట్టిన తేలికపాటి పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకపోవడం అటువంటి దొంగతనాలకు దారి. బిగించిన మనిషి వెళ్లిపోయే ముందే, అతని ఎదుటే, పాస్‌వర్డ్ మీరు మార్చండి. అతని ఫోనులో మీ కెమెరా యాప్ ఉంటే తీసేయించండి. కెమెరా ముఖం మీ గేటు వైపు ఉండాలి, పక్కింటి వాకిలి వైపు కాదు. బట్టలు మార్చుకునే గదిలో కెమెరా ఏ సాకుతోనూ పెట్టకూడదు.

ఎవరో నా ఫోటో మార్ఫింగ్ చేసి డబ్బు అడుగుతున్నారు.

డబ్బు ఇవ్వవద్దు, ఇస్తే మళ్లీ అడుగుతారు. సంభాషణ తుడవవద్దు, అదే సాక్ష్యం. స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి గానీ, జిల్లా పోలీసుల షీ టీమ్‌కు గానీ చెప్పండి. స్టాప్ ఎన్‌సీఐఐ అనే వెబ్‌సైటు ఉంది. అందులో ఫోటోను ఎక్కించరు, మీ ఫోనులోనే దానికొక సంకేత ముద్ర తయారవుతుంది, ఆ ముద్రను బట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సంస్థలు ఆ చిత్రం తమ దగ్గరికి రాకుండా ఆపుతాయి. ఇంట్లో చెప్పుకోలేక అడిగినంత ఇచ్చిన ఆడపిల్లలను చూశాను. తల్లిదండ్రులు ఈ పేజీ చదువుతుంటే, 'ఏదైనా అయితే ముందు నాకు చెప్పు, కోప్పడను' అన్న మాట ఈ రోజే చెప్పి ఉంచండి.

మన వివరాల రక్షణకు చట్టమేమీ లేదా?

ఉన్నది, ఇంకా పూర్తిగా అమలులోకి రావలసి ఉన్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చింది. దానిని అనుసరించి 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, సంస్థలు పాటించవలసిన ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. మీ వివరం ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పి ఒప్పుదల పొందాలి. ఆ నోటీసు రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా చదువుకునే వీలు ఇవ్వాలి కాబట్టి, తెలుగులో అడగడం మీ హక్కు అవుతుంది. ఇచ్చిన ఒప్పుదలను వెనక్కి తీసుకోవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. వివరాలను కాపాడలేకపోయిన సంస్థకు జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు.

ఈ చట్టంలో మన ఊళ్లకు సంబంధించిన ఒక పెద్ద సందు ఉంది. ఇది కంప్యూటరులోకి ఎక్కిన వివరాలకే వర్తిస్తుంది. లాడ్జి రిజిస్టరులో అంటించిన ఆధార్ జిరాక్స్, కాగితంగానే ఉన్నంతకాలం, ఈ చట్టం కిందికి రాదు. బజ్జీల పొట్లానికీ రాదు.

డబ్బు పోయింది. ఎంతసేపట్లో చెప్పాలి?

వెంటనే. 1930కి ఫోను చేయండి, ఆ తరువాత బ్యాంకుకు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు పారుతూ పోతుంది కాబట్టి, మొదటి గంటలో చెబితే మధ్యలో ఆపగలిగే అవకాశం ఎక్కువ. మీ తప్పు లేకుండా బయటివారి వల్ల పోయిన డబ్బును 3 పనిదినాల లోపు బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారు మీద భారం ఉండదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఆదేశం ఇచ్చింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు పోయినదంతా మీరే భరించాలి. అందుకే సిగ్గుపడి రెండు రోజులు ఆగితే నష్టం పెరుగుతుంది.

మా అబ్బాయి బంబైలో పనికి పోయాడు. నాకు చదువు రాదు, ఫోను పక్కింటి పిల్లవాడే చూస్తాడు. నేనేం చేయాలి?

పాలమూరు వైపు ఈ ప్రశ్న ప్రతి ఊళ్లోనూ వింటాను. పిల్లవాడు మంచివాడే కావచ్చు, కానీ అతని చేతిలో మీ పిన్, మీ పాస్‌బుక్, మీ ఓటీపీ మూడూ ఒకేసారి ఉండకూడదు. బ్యాంకుకు ఇచ్చిన నంబరును కీప్యాడ్ ఫోనులో వేసి మీ దగ్గరే ఉంచుకోండి. కొడుకుతో వీడియోలో మాట్లాడుకునే స్మార్ట్‌ఫోనులో వేరే నంబరు పెట్టుకోండి, అది ఎవరు పట్టుకున్నా ఖాతా జోలికి పోలేరు. అక్షరాలు రాకపోయినా మీకు అంకెలు వచ్చు, నోట్లు లెక్కపెట్టే వారికి నాలుగంకెల పిన్ నేర్వడం ఒక పూట పని. ఎవరైనా ఫోను చేసి 'మీ కొడుకు ప్రమాదంలో ఉన్నాడు, డబ్బు పంపు' అంటే అడగడానికి, తల్లీకొడుకులిద్దరికే తెలిసిన ఒక మాట ముందే అనుకొని ఉంచుకోండి. చిన్నప్పుడు వాడు పెంచుకున్న మేకపిల్ల పేరైనా సరిపోతుంది.

నారాయణపేట వైపు ఒక అవ్వ తన కీప్యాడ్ ఫోను వెనుక కొడుకు నంబరును కాగితం మీద రాయించి, టేపుతో అంటించుకున్నది. మరి పిన్ ఎక్కడ రాసిపెట్టావని అడిగితే, నన్ను ఎగాదిగా చూసి, 'గది రాసి పెడ్తరా బిడ్డా?' అని నవ్వింది.